ఎలుకబోను

మా బి.ఏ. విద్యార్థులకు దశరూపకం సంగతి చెబుతున్నప్పుడల్లా ఎవరో ఒకరు లేచి అడుగుతారు: “రంగస్థలం మీద వధ చూపించకూడదన్నారు గదా మాస్టారూ, మరి ఇంగ్లీషు వాళ్ళ నాటకాల నిండా ఆ హత్యలేమిటండీ?” అని. మనవాళ్ళలోనూ భాసుడు ఊరుభంగంలో దుర్యోధనుణ్ణి రంగం మీదనే కన్నుమూయనిచ్చాడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు ‘విషాద సారంగధర’తో విషాదాంతాన్ని మన రంగస్థలానికి తెచ్చారు. ఇదంతా చెప్పి, ఆనక లండన్ దారి పడతాను.

అక్కడ అగథా క్రిస్టీ ‘మౌస్‌ట్రాప్’ అనే నాటకం ఒకటుంది. మన భాషలో ఎలుకబోను. లండన్‌లో 1952 నవంబరు 25న తెర లేచింది. 14 నెలలు ఆడుతుందని నిర్మాత పీటర్ సాండర్స్ అంటే, అంత ఎక్కడిది, 8 నెలలు ఆడితే గొప్ప అన్నదట రచయిత్రి. 1974లో పక్కనున్న సెయింట్ మార్టిన్స్ థియేటరుకు మకాం మార్చినా ఆట మాత్రం ఆగలేదు. ఆపింది 2020లో వచ్చిన కరోనా ఒక్కటే. 2021 మే నెలలో మళ్ళీ మొదలుపెట్టారు. ఆ నాటకం మీద వచ్చే రాబడి హక్కును రచయిత్రి ముందే తన మనవడికి రాసిచ్చేసింది. ఇంతటి పుట్టినరోజు కానుక అందుకున్న మనవడు మరొకడు ఉన్నాడో లేడో!

కథ ఊరికి దూరంగా ఉన్న ఒక పాత బంగళాలో నడుస్తుంది. కొత్తగా పెళ్ళయిన జంట దాన్ని పూటకూళ్ళ ఇల్లుగా మార్చారు. ఆ రోజే మొదటి అతిథులు వస్తారు. బయట మంచు కురిసి దారులు మూసుకుపోతాయి. లండన్‌లో ఒక స్త్రీ హత్య జరిగిందని రేడియో చెబుతుంది. కాళ్ళకు పొడుగాటి చెక్కలు కట్టుకుని, మంచు మీద జారుకుంటూ ఒక పోలీసు సార్జంటు వచ్చి, తరవాతి హత్య ఈ ఇంట్లోనే జరగవచ్చునంటాడు. పిల్లల పాట బాణీ ఒకటి ఎవరో ఈల వేస్తారు. అంతలో దీపాలు ఆరిపోతాయి. చూశారా, హత్య చీకట్లోనే! మన లాక్షణికులకు కోపం రానక్కరలేదు. హంతకుడి పేరు మటుకు నన్నడగవద్దు. ఆట ముగిశాక ఆ రహస్యం బయట చెప్పవద్దని నటులే ప్రేక్షకులను వేడుకుంటారు. ఇంతమంది అంతకాలం కాపాడిన మాటను నేనెందుకు తప్పాలి?

చెప్పదలచింది వేరే ఉంది. లండన్‌లో చనిపోయిన స్త్రీ ఒకప్పుడు ముగ్గురు పిల్లలను పెంపకానికి తీసుకుని హింసపెట్టిన మనిషి. ఆ పిల్లల్లో ఒకడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. వాళ్ళను ఆ ఇంటికి పంపిన మేజిస్ట్రేటు కూడా ఇప్పుడు ఈ అతిథుల్లో ఉన్నది. అప్పట్లో తనకు అందిన సమాచారం బాగానే ఉన్నదనీ, తన తప్పేమీ లేదనీ ఆమె వాదన.

ఇది వట్టి కల్పన కాదు. 1945 జనవరి 9న ష్రాప్‌షైర్‌లోని ఒక పొలం ఇంట్లో డెన్నిస్ ఓనీల్ అనే 12 ఏళ్ళ కుర్రవాడు చనిపోయాడు. తిండిలేక చిక్కిపోయిన ఒంటి మీద దెబ్బల గుర్తులు! న్యూపోర్టు పట్టణాధికారులే వాణ్ణి, వాడి తమ్ముణ్ణి ఆ దంపతులకు అప్పగించారు. పిల్లల బాగోగులు చూడవలసిన కార్యాలయాలు రెండున్నాయి. ఆ రెంటి మధ్యా చూడవలసిన కన్ను మూతపడింది. విచారణ సంఘం వేశారు, పత్రికలు గగ్గోలు పెట్టాయి. 1948లో వచ్చిన పిల్లల చట్టం వెనక ఈ కుర్రవాడి చావు కూడా ఉంది. అతడు పోయిన రెండేళ్ళకు, 1947లో, మేరీ రాణి 80వ పుట్టినరోజుకని బి.బి.సి. వారు అడిగితే, క్రిస్టీ ఈ విషయాన్నే అరగంట రేడియో నాటికగా రాసింది. రాణిగారి పుట్టినరోజుకు ఈ కథ!

పసివాడి చావును వినోదంగా మార్చటం తగునా అని మా క్లాసులో ఒక అమ్మాయి నిలదీసింది. అడగవలసిన మాటే. ఎవరు చంపారా అన్న ఉత్కంఠలో ఆ పిల్లవాడు మరుగునపడిపోతాడు. సీట్లలోంచి లేచేవాళ్ళు హంతకుణ్ణి గురించి మాట్లాడుకుంటారే గాని, వాణ్ణి గురించి కాదు. నాటకం మీద నాకున్న ఫిర్యాదు అదే. అయినా ఆ మేజిస్ట్రేటు పాత్ర దగ్గర మాత్రం రచయిత్రి చెయ్యి వణకలేదంటాను. కొట్టినవాళ్ళను చట్టం జైలుకు పంపింది. సంతకం పెట్టినవాళ్ళ మాటేమిటని అడిగింది ఈ నాటకం. పేరు చూడండి, హామ్లెట్ తన పినతండ్రి పాపాన్ని బయటపెట్టడానికి ఆడించిన నాటకానికి తాను చెప్పిన పేరు అది.

డెన్నిస్‌తోపాటు ఆ ఇంట్లో ఉన్న తమ్ముడు టెరెన్స్ బతికి బయటపడ్డాడు. నాటకం వేల ఆటలు ఆడేసిన తరవాత, 2010లో, తమ కథను తానే పుస్తకంగా అచ్చువేయించాడు. అందులో దాచవలసిన రహస్యమేమీ లేదు.