ఎర్ర లైటు ఊరికే వెలగదు

ఆదివారం పొద్దున్నే ప్రొద్దుటూరు నుంచి గండికోటకు బయల్దేరాం. స్టీరింగ్ దగ్గర బావ, పక్కన నేను, వెనక అక్క, పిల్లలు, పులిహోర డబ్బా. జమ్మలమడుగు ఇంకా రాకముందే మీటరు బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. గుండ్రటి గీత, మధ్యలో ఆశ్చర్యార్థకం. హ్యాండ్‌బ్రేకు సరిగ్గా దిగలేదేమోనని కిందికి నొక్కి చూశాను. ఊహూ! మలుపులో వెలుగుతోంది, తిన్నగా పోతుంటే ఆరిపోతోంది. 'సెన్సరు పోయింటుంది, ఏం కాదులేప్పా' అన్నాడు బావ.

దారిలో ఓ షెడ్డు దగ్గర ఆపాం. కుర్రాడు బానెట్ ఎత్తి, ఇంత బ్రేక్ ఆయిల్ పోసి మూత బిగించాడు. లైటు ఆరింది. అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం.

నెల తిరక్కముందే పులివెందులలో పెళ్లికి వెళ్తుంటే ముందు చక్రంలోంచి ఇనుముతో ఇనుము గీసిన చప్పుడు. విప్పి చూస్తే ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయి, వెనకున్న రేకు డిస్కును కోసేస్తోంది. ప్యాడ్లతో పోయే ఖర్చుకు డిస్కులూ తోడయ్యాయి. అది కాదు భయం. వెనక సీట్లో పిల్లలున్నారు!

అసలు ఆ ఆయిల్ ఎటు పోయినట్టు? ఎటూ పోలేదు. ప్యాడు అరిగేకొద్దీ దాన్ని నొక్కే పిస్టన్ ముందుకు జరుగుతుంది. ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. పైన డబ్బాలో మట్టం తగ్గి, అందులోని తేలుడు బిళ్ల కిందికి రాగానే లైటు వెలుగుతుంది. మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకు ఒరుగుతుంది కాబట్టి ముందు అక్కడే కనిపిస్తుంది. అంటే ఆ కుర్రాడు జబ్బును వదిలేసి గంట మోగకుండా చేశాడన్నమాట. ఆయిల్ తగ్గిందంటే ప్యాడ్లన్నా అరిగుండాలి, ఎక్కడన్నా కారుతుండాలి. చక్రాల లోపలి వైపు, పెడల్ పైభాగాన తడి ఉందేమో చూడమనండి. హ్యాండ్‌బ్రేకు దించాకా ఎర్ర లైటు ఆరకపోతే, పెడల్ కూడా లోపలికి దిగిపోతుంటే ఇక బండి కదపొద్దు.

పసుపు రంగులో ఏబీఎస్ అని వెలిగితే అంత కంగారు అక్కర్లేదు. మామూలు బ్రేకు పనిచేస్తుంది. కాకపోతే గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుని బండి జారే ప్రమాదం ఉంది. నిదానంగా షెడ్డుకు చేర్చండి. ఎరుపు, పసుపు రెండూ కలిసి వెలిగితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. సడన్ బ్రేకు వేసినప్పుడు పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటే అది లోపం కాదు, దాని పనే అది. భయపడి కాలు తీసేయకండి.

మిగతా సంగతులు కాలే చెబుతుంది. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే పైపుల్లో గాలి చేరినట్టు. తొక్కి పట్టుకున్నా మెల్లగా కిందికి జారిపోతుంటే, కారడం కనిపించకపోతే, మాస్టర్ సిలిండర్‌ను అనుమానించాలి. రాయిలా గట్టిగా ఉంటే బూస్టర్. దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కండి. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే మెకానిక్‌ను కలవాల్సిందే. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతుంటే అన్ని చక్రాలకూ బ్రేకు సమానంగా పట్టడం లేదేమో చూపించండి.

మా జిల్లా డ్రైవర్లలో ఒక పాడు అలవాటుంది. కడప నుంచి రాయచోటికి పోయే గువ్వలచెరువు ఘాట్ లాంటి చోట, డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం. కొందరైతే ఏకంగా ఇంజినే ఆపేస్తారు! ఇంజిన్ ఆగితే బూస్టర్‌లో మిగిలిన బలం రెండు మూడు తొక్కులకే సరి. ఆ తర్వాత ఎంత తొక్కినా బండి త్వరగా ఆగదు. న్యూట్రల్‌లో బరువంతా బ్రేకుల మీదే పడి అవి కాలిపోతాయి. వాసన వస్తుంటే అదే! పాత డ్రైవర్ల లెక్క మంచిది: ఎక్కడానికి ఏ గేరు వేస్తామో దిగడానికీ అదే గేరు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155కే మరిగిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు, పెడల్ మెత్తన. అందుకే సుమారు రెండేళ్లకోసారి మొత్తం మార్పించండి. అందుబాటులో ఉంది కదా అని ఇంజిన్ ఆయిల్ మాత్రం పోయనివ్వకండి, లోపలి రబ్బర్లు ఉబ్బిపోతాయి.

ఎర్రగుంట్ల, చిలంకూరు వైపు సిమెంటు, నాపరాళ్ల దుమ్ములో తిరిగే బండ్లకు వెనక డ్రమ్ములు విప్పి శుభ్రం చేయించడం మరిచిపోవద్దు. ప్యాడ్లు మార్చాక పాతవి చేతికి ఇమ్మని అడగండి. మా బావ వాటిని డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాడు. 'ఏం కాదులేప్పా' అన్నప్పుడల్లా అక్క తీసి చూపిస్తుంది.