తలుపు మూసిన నెలల లెక్క

చంపాపేట్ నుంచి సాగర్ రోడ్డు మీదుగా ఎల్బీనగర్ చౌరస్తాకు, అక్కడి నుంచి విజయవాడ హైవేకు వెళ్తే రాత్రిపూట వరసగా లారీలు కనిపిస్తాయి. ఇరవై ఏళ్ల కిందట హెచ్‌ఐవీ ఇలాంటి దారుల వెంటే ఊళ్లలోకి దిగింది. అప్పట్లో దేశంలో ఎక్కువమంది హెచ్‌ఐవీ బాధితులున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే.

ఆ వ్యాప్తి వేగాన్ని తగ్గించినవారిలో దాతలూ ఉన్నారు. గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో 2003లో మొదలైన ‘ఆవాహన్’ మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో పనిచేసింది. సెక్స్ వర్కర్లే తోటివారి దగ్గరకు వెళ్లి కండోములిచ్చారు, సుఖవ్యాధుల పరీక్షకు వెంటబెట్టుకెళ్లారు, భయపడినవారి పక్కన కూర్చున్నారు. పదేళ్లలో దాదాపు 6 లక్షల మందికి వైరస్ సోకకుండా ఆ పని ఆపిందని 2013లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ ప్రచురించిన అధ్యయనం అంచనా. తర్వాత దాన్ని ప్రభుత్వానికి అప్పగించారు. అది సరైన దారే.

అన్ని పనులకూ ఆ భాగ్యం దక్కలేదు. ట్రాన్స్‌జెండర్ల కోసం నారాయణగూడలో 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్ అమెరికా సాయంతో నడిచేది. దేశంలో అలాంటిది అదే మొదటిది. మామూలు ఆసుపత్రి లైన్లో నిలబడితే చుట్టుపక్కలవాళ్ల చూపులకే వెనక్కి వెళ్లిపోయే మనిషి, తనలాంటివారే పనిచేసే ఆ గదిలో కూర్చుని రక్తపరీక్షకు చెయ్యి చాపేది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపేయగానే అది మూతపడింది. కొన్ని నెలలకు టాటా ట్రస్ట్స్ ఆదుకోవడంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఆ చేయూతకు కృతజ్ఞతలు చెప్పాల్సిందే. కానీ ఒక దాత పోతే ఇంకో దాత దొరికేదాకా ఆగడానికి ఇది దుకాణం కాదు.

అమెరికా ఆ తర్వాత ఇచ్చిన మినహాయింపునే చూడండి. చికిత్సను కొనసాగనిచ్చారు. హెచ్‌ఐవీ సోకకుండా వేసుకునే ముందుజాగ్రత్త మాత్రలను మాత్రం గర్భిణులకు, బాలింతలకే పరిమితం చేశారు. కోత పడితే ముందు తెగేది నివారణే. రోగి కళ్ల ముందుంటాడు, రోగం రాని మనిషి ఎవరికీ కనిపించడు. ఆ నిధులు శాశ్వతంగా పోయి, వాటి స్థానం ఎవరూ నింపకపోతే 2029 నాటికి ప్రపంచంలో అదనంగా 60 లక్షల మందికి హెచ్‌ఐవీ సోకుతుందని, 40 లక్షల మంది చనిపోతారని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ సంస్థ హెచ్చరించింది.

మన హైదరాబాద్ దగ్గర ఈ ప్రపంచానికి ఇవ్వగలిగింది చాలా ఉంది. ఆరు నెలలకొక ఇంజెక్షన్‌తో హెచ్‌ఐవీని అడ్డుకునే లెనకాపవిర్‌ను ఏడాదికి 40 డాలర్లకే 120 పేద, మధ్య ఆదాయ దేశాలకు 2027 నుంచి అందిస్తామని ఇక్కడి డాక్టర్ రెడ్డీస్, హెటిరో 2025 సెప్టెంబరులో ప్రకటించాయి. అయితే ఆ సూదిని నమ్మి వచ్చేలా చెప్పే మనిషి లేకపోతే అది డబ్బాలోనే ఉండిపోతుంది. ఆ మనిషి జీతం ప్రభుత్వ బడ్జెట్‌లో ఏటా ఖాయంగా ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం, కేంద్రం ఈ పనికి ఇక దాతల దయ మీద ఆధారపడకూడదు.

హెచ్‌ఐవీ సోకినవారికి ఎనిమిది, పదేళ్ల దాకా పెద్ద లక్షణాలేవీ కనిపించకపోవచ్చు. క్లినిక్ మూసి ఉన్న నెలల్లో తలుపు దాకా వచ్చి తిరిగెళ్లినవారిలో ఎవరికైనా వైరస్ ఉంటే, ఆ సంగతి వారికి ఇప్పటికీ తెలిసి ఉండకపోవచ్చు.