సూత్రధారి తెర ముందుకొస్తే

ఈ శీర్షికలో ఇంతవరకు రక్తపోటు, మధుమేహం, నిద్రలేమి వంటివాటి గురించి ముచ్చటించుకున్నాం. ఈ నెల ఒక పాటల రికార్డు గురించి రాస్తున్నాం. వైద్యుల శీర్షికలో ఈ గోల ఏమిటని విసుక్కోకండి. "మావాడి గదిలోంచి వచ్చే ఆ మోతకి మాకే గుండెదడ వస్తోంది. అది వింటే పిల్లలు పాడైపోరు కదా, డాక్టరుగారూ?" అని మన సంఘం కార్యక్రమాల్లో చాలామంది తల్లిదండ్రులు అడుగుతున్నారు. వినకుండా జవాబు చెప్పడమంటే నాడి చూడకుండా మందు రాయడమే. అందుకని ఆ కోవలో గొప్పదని పేరుపడ్డ రికార్డు ఒకటి తీసుకుని మొదటినుంచి చివరిదాకా నాలుగైదుసార్లు విన్నాం.

దాని పేరు 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'. కాలిఫోర్నియాకు చెందిన మెటాలికా అనే నలుగురు కుర్రాళ్ళ బృందం 1985 చివరి నెలల్లో కోపెన్‌హేగన్‌లో రికార్డు చేసి, 1986 మార్చిలో విడుదల చేసింది. మొత్తం 8 పాటలు, సుమారు 55 నిమిషాలు. ఈ రకం సంగీతాన్ని థ్రాష్ మెటల్ అంటారు. థ్రాష్ అంటే చితకబాదడం. అయినా 2016లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు, జాతి భద్రపరచుకోవలసిన ధ్వనిముద్రణల జాబితాలో దీనికి చోటిచ్చారు. మెటల్ సంగీతంలో ఆ గౌరవం మొదట దక్కింది దీనికే.

ముందు బలాలు చూద్దాం. మొదటిది సాధన. గిటారు తీగను మామూలుగా కిందికొకసారి, పైకొకసారి మీటుతారు. రికార్డుకు పేరిచ్చిన రెండో పాటలో జేమ్స్ హెట్‌ఫీల్డ్, నిమిషానికి 200 దాటిన లయలో, చాలాభాగం కిందివైపే మీటుతాడు. ఆ పట్టుదలవల్లనే సమ్మెటదెబ్బ లాంటి ఆ నాదం వస్తుంది. మృదంగం నేర్చుకుంటున్న మీ పిల్లలచేత చరణానికి తాళం వేయించండి. నాలుగో ఆవర్తం కురచగా రావడం వాళ్ళే కనిపెడతారు. ఎనిమిదిన్నర నిమిషాల ఈ పాటలో మధ్యన ఉన్నట్టుండి వేగం తగ్గి, గిటార్లు రెండూ జంటగా, నెమ్మదిగా సాగుతాయి. ఆ కాసేపూ ఇది మోత అని ఎవరూ అనరు. మాటల్లేని 'ఒరాయన్' కూడా అంతే. అందులో బేస్ గిటారు వాయించిన క్లిఫ్ బర్టన్, ఆ ఏడు సెప్టెంబరు 27న స్వీడన్‌లో జరిగిన బస్సు ప్రమాదంలో పోయాడు. అప్పటికి అతని వయసు 24 ఏళ్ళు.

రెండో బలం విషయం. రికార్డులో చాలా పాటలది ఒకటే గోడు: మనిషి తన చేతిలో తాను లేకపోవడం. ఒక పాటలో సైనికుడు, ఒక పాటలో పిచ్చాసుపత్రి రోగి, ఒక పాటలో టీవీ బోధకుడికి డబ్బు సమర్పించుకునే భక్తుడు. పేరుపాటలో మత్తుమందుకు దాసుడైనవాడు. మన తోలుబొమ్మలాటలో ఆడించేవాడు తెర వెనకే ఉంటాడు. ఈ పాటలో ఆడించేవాడే తెర ముందుకొచ్చి మాట్లాడతాడు. అంటే, మత్తుమందే యజమానిగా మారి, తన బానిసతో నీ బతుకు ఇక నాది అంటుంది. వైద్యులుగా మేము చెప్పగలం, ఇది అతిశయోక్తి కాదు. మెదడులో సంతోషాన్ని తెలియజేసే డోపమైన్ అనే పదార్థం పని అయ్యాక తిరిగి నరకణంలోకి చేరాలి. కొకైన్ ఆ దారి మూసేస్తుంది. ఆ పొంగుకు అలవాటుపడ్డ మెదడుకు తరవాత తిండి, స్నేహం, చదువు ఏవీ రుచించవు. మొదట తనకై తాను తీసుకున్నవాడే చివరికి తీసుకోకుండా ఉండలేడు. ఈ సంగతిని ఈ పాట చెప్పినంత సూటిగా చెప్పిన కరపత్రం మాకు కనబడలేదు.

ఇక లోపాలు. 1984లో వచ్చిన వాళ్ళ 'రైడ్ ది లైట్నింగ్' విన్నవారికి పాత మూస తెలిసిపోతుంది. మెత్తని గిటారుతో మొదలై విరుచుకుపడే తొలిపాట, నాలుగో స్థానంలో నెమ్మదైన పాట, చివరివైపు మాటల్లేని పాట. మూడో పాట 'ది థింగ్ దట్ షుడ్ నాట్ బీ' బండి బురదలో పడ్డట్టు సాగుతుంది. ఆఖరిపాట 'డ్యామేజ్ ఇన్‌కార్పొరేటెడ్'లో బూతుమాట ఉంది. చిన్నపిల్లలున్న ఇళ్ళవారు గమనించాలి.

వైద్యులుగా మాకు నొప్పి కలిగించినవి వేరే ఉన్నాయి. డబ్బు దండుకునే బోధకుణ్ణి తిట్టే పాటకు 'లెపర్ మెసయ్య' అని పేరు పెట్టారు. ఒక జబ్బు పేరు తిట్టయింది. ఈ పాట వచ్చేనాటికే కుష్ఠుకు పూర్తిగా నయంచేసే బహుళ ఔషధ చికిత్స ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లోనే దాన్ని సిఫారసు చేసింది. మన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి ఆసుపత్రి పేరు విన్నవారికి తెలుసు, ఆ రోగులను జబ్బుకంటె ఆ పేరే ఎక్కువ బాధించిందని. అలాగే 'శానిటేరియం' పాటలో పిచ్చాసుపత్రి అంటే జైలు, వైద్యులంటే కాపలావాళ్ళు. ఒకప్పుడు అలాంటివి ఉండేవి, కాదనం. కాని ఆ ఒక్క బొమ్మే మనసులో నాటుకుంటే, కుంగిపోయిన కుర్రవాడు సాయం అడగడానికే జంకుతాడు.

అన్నిటికంటె పెద్ద లోపం, ఈ రికార్డులో బయటికి దారి లేకపోవడం. యజమాని నవ్వుతాడు, పాట అయిపోతుంది. పాట అంతటితో ఆగవచ్చు గాని, జీవితంలో దారి ఉంది. హెరాయిన్ జాతి మందులకు అలవాటుపడ్డవారికి మెథడోన్, బుప్రెనార్ఫిన్ ఉన్నాయి. కొకైన్‌కు అలాంటి మందు లేకపోయినా క్రమపద్ధతిలో చేసే మానసిక చికిత్స పనిచేస్తుంది. ఈ పాట పాడిన హెట్‌ఫీల్డే 2001లో మద్యం అలవాటు వదిలించుకోవడానికి చికిత్సా కేంద్రంలో చేరాడు. 2019లో మళ్ళీ చేరాడు. రెండోసారి చేరడం ఓటమి కాదు. చక్కెర మళ్ళీ పెరిగిందని మధుమేహం రోగిని ఎవరం వెలివేయం కదా.

ఇక అడిగినవారికి మా జవాబు. ఈ రికార్డు విన్నంతమాత్రాన పిల్లలు చెడిపోరు. మన ఇళ్ళల్లో అసలు ప్రమాదం మోత కాదు, మౌనం. కొడుకు గ్రేడుల గురించి గంటసేపు మాట్లాడే మనం, మత్తుమందు మాట వచ్చేసరికి "మనవాళ్ళల్లో అలాంటివి లేవు" అని తేల్చేస్తాం. ఉన్నాయి. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని దాచిన ఇళ్ళల్లోనే చికిత్స ఆలస్యమవుతుంది. తలుపు తట్టి "ఆపు" అనడానికి బదులు, ఒకసారి లోపలికి వెళ్ళి పిల్లవాడి పక్కన కూర్చుని ఆ ఎనిమిదిన్నర నిమిషాలూ వినండి. "ఈ యజమాని ఎవర్రా?" అని అడగండి. జవాబు చెప్పడం వాడికి బాగా తెలుసు. చివరిదాకా వినడం మన వంతు.

వచ్చే నెల చెవుల రక్షణ గురించి రాస్తాం. అందాకా మోత కొంచెం తగ్గించి వినమని పిల్లలకు మా మాటగా చెప్పండి.