కొండకు పేరున్నది, దారి చూపువానికిని పేరున్నది

మన తాలూకానుండి బెంగుళూరునకు ఉద్యోగములకై తరలిపోయిన కుటుంబముల పిల్లలు సెలవులలో దూరదేశముల కొండలెక్కి వచ్చుట ఇటీవల పరిపాటియైనది. సంతోషమే. నిడుగల్లు, పావగడ గుట్టల నీడలో పెరిగినవారికి కొండ యనిన బెదురుండదు. హిమాలయములు చాలక, ఆఫ్రికా ఖండపు వాయవ్యమూలనున్న మొరాకో దేశమునకు పోయి, అట్లాసు పర్వతములలో ఐదారు దినములు నడచి, టూబ్‌కాల్ అను శిఖరమెక్కి వచ్చుటయు ఇప్పుడీ యాత్రల పట్టికలో చేరినది.

అట్లు పోయి వచ్చినవారిని పలుకరించి చూడుడు. శిఖరమెత్తు 4,167 మీటర్లని తడుముకొనక చెప్పుదురు. ఉత్తరాఫ్రికాలో అంతకు మించిన కొండ లేదనియు చెప్పుదురు. చలి యెంత, ఖర్చెంత, ఛాయాపటములెన్ని యనునవి అడుగకయే చెప్పుదురు. దారి చూపినవాడు తన యింట ఏ భాష మాటలాడునని అడిగినచో మాత్రము, “అరబ్బీ కాబోలు” అందురు. ఈ “కాబోలు” మీదనే నా తగవు.

ఆ దారి యెట్టిదో ముందు చెప్పవలెను. మర్రాకెష్ నగరమునుండి దక్షిణముగా సుమారు 65 కిలోమీటర్లు బండిలో పోయినచో 1,740 మీటర్ల యెత్తున ఇమ్లిల్ అను ఊరున్నది. నడక అక్కడ మొదలగును. తొందరపడువారు రెండు దినములలో ఎక్కి దిగుదురు. తీరికయున్నవారు కనుమలు దాటి, ప్రక్కలోయలలోని ఊళ్లలో రాత్రులు గడపుచు, చుట్టుదారిన పోవుదురు. ఊళ్లు కొండవాలునకు అంటుకొని యుండును. రాతిగోడలు, మట్టిమిద్దెలు, వాటి క్రింద మెట్లుమెట్లుగా కట్టిన మళ్లు, అక్రోటు చెట్లు, చెర్రీ, ఆపిల్ తోటలు. మంచు కరగిన నీటిని సన్నని కాలువలలో మలపి, ఇంటింటికి వంతు వేసికొని పారించుకొందురు. వానకై ఆకసము చూచి చూచి కనులు కాయలు గాచిన పావగడ రైతు ఆ వంతుల లెక్క చూచినచో శిఖరము మాట మరచి అక్కడనే కూర్చుండును!

ఇమ్లిల్ దాటి, అరుమ్డ్ అను పెద్దయూరు దాటి, ఏటి వెంబడి పైకి పోగా సీది షమ్‌హరూష్ అను పుణ్యస్థలము వచ్చును. జిన్నుల రాజు పేర వెలసిన స్థలమది. రోగములు, పీడలు వదలుటకై దూరముల నుండి జనము వత్తురు. పిమ్మట 3,207 మీటర్ల యెత్తున 1938లో కట్టిన బస యున్నది. రాత్రి అక్కడ తలదాచుకొని, తెల్లవారకముందే లేచి, రాళ్ల దొర్లుడు మీదుగా పైకి పోవుదురు. మన కుమారస్వామి సన్నిధికి మ్రొక్కులు మోసికొని పినాకినీతీరమునకు వచ్చు యాత్రికుల నెరిగిన నాగలమడికవారికి ఆ షమ్‌హరూష్ దారి క్రొత్తగా తోచదు. కాని మనవారికి అది “మధ్యలో టీ త్రాగిన చోటు” మాత్రమే.

ఆ ఊళ్లవారిని యాత్రల కరపత్రములు “బెర్బరులు” అని వ్రాయును. ఆ మాట వారు పెట్టుకొన్నది కాదు. తమ భాష రానివాడెల్ల నోట గొణుగువాడని గ్రీకులు పిలిచిన పిలుపునకు దానితో చుట్టరికమున్నదని పండితులు చెప్పుదురు. వారు తమ్ము తాము ఇమజిగెన్ అని చెప్పుకొందురు. స్వతంత్రులైన మనుష్యులని దానికి అర్థము చెప్పుకొందురు. ఆ లోయలలోని పలుకు తషెల్‌హిత్. అది అరబ్బీ కాదు, అరబ్బీ యాసయు కాదు. అరబ్బులు ఆ దేశమునకు రాకముందే అక్కడ పుట్టి పెరిగిన భాషాకుటుంబములోనిది. 2024 జనగణనము ప్రకారము ఆ కుటుంబపు భాషలు మాటలాడువారు మొరాకోలో సుమారు నాలుగవవంతు. 2003లో ఆ భాష బడులలో అడుగుపెట్టినది. దానికి తిఫినాగ్ అను పురాతన లిపిని నిర్ణయించినదియు ఆ యేడే. 2011 రాజ్యాంగము దానిని అరబ్బీతోపాటు అధికారభాషగా ఒప్పుకొన్నది. వారి సంవత్సరాదిని సర్కారు సెలవుదినముగా ప్రకటించుటకు 2023వ సంవత్సరము రావలసివచ్చినది. ఎన్ని తరములు అడిగిరో, ఎంతమంది అడిగి అడిగి అలసిరో లెక్క వేసికొనుడు.

“మన సంఘపు పత్రికలో ఆఫ్రికా కొండల గొడవ యెందుకు?” అనువారుందురు. ఎందుకనగా, మూడు ప్రక్కల ఆంధ్రసీమ చుట్టుకొనియుండగా మైసూరు రాష్ట్రములో నిలిచిన తాలూకా మనది. 1956లో రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణములో 350-ఎ అధికరణము చేరినది. ప్రాథమికదశలో పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పుటకు వసతి కల్పింపవలెనని అది రాష్ట్రములకు చెప్పినది. అది అమలగుటకై అర్జీలు వ్రాసిన చేతులు మనవి. కన్నడము మనకు పరాయిది కాదు. అంగడిలో, బడిలో, కచేరిలో దానితోడనే బ్రతుకుచున్నాము, దాని మేలు తిన్నాము. అయినను బెంగుళూరులో మన మాట విని “మీరు ఆంధ్రవారా?” అని అడిగినవారికి “కాదయ్యా, ఈ నేలవారమే, ఇంటిమాట తెలుగు” అని చెప్పి చెప్పి మన నోరు నొచ్చినది. ఆ నొప్పి యెరిగినవాడు మరియొకని మాటను “కాబోలు” అని త్రోసివేయుట తగునా? ఎరుగనివాడు అనినచో క్షమింపవచ్చును.

“డబ్బిచ్చితిమి, ఎక్కితిమి, దిగితిమి, అతనికి ఇంగ్లీషు వచ్చును, మాకు ఇంగ్లీషు వచ్చును, ఇంక నేమి?” అనునది రెండవ వాదము. దీనిని కొంత మెత్తగా చూడవలసియున్నది. యాత్రికుల డబ్బు ఆ లోయలకు నిజముగనే ఆధారము. కాని అతనికి నాలుగు భాషలు వచ్చుట మన ఘనత కాదు, అతని ఘనత. ఇంట తషెల్‌హిత్, బజారున అరబ్బీ, బడిలో ఫ్రెంచి, మనకొరకు ఇంగ్లీషు నేర్చినవానియెదుట, అతని భాషలో “తన్‌మిర్త్” అని కృతజ్ఞత చెప్పు ఒక్క మాట నేర్వనివాడు డబ్బు లెక్క చెప్పుట పెద్దరికము కాదు. మనవాడు తెచ్చుకొన్న పటములోనే తిజి అని పలుచోట్ల అచ్చుపడియుండును. తిజి యనగా కనుమ. అడ్రార్ అనగా కొండ. దారి పొడవున కొండలే తమ భాషలో పలుకరించినవి, పలికినవాడు లేడు.

అచ్చటి దారిచూపరి మనకు టీ కాచి యిచ్చు పనివాడు కాడు. 2018 డిసెంబరులో డెన్మార్కు, నార్వే దేశములనుండి వచ్చిన ఇద్దరు యువతులను ఇమ్లిల్ దాపున దుండగులు హత్యచేసిరి. పిమ్మట ఆ దారిన తనిఖీలు పెట్టి, దారిచూపరి లేనిదే శిఖరమునకు పోగూడదని సర్కారు కట్టడిచేసినది. హంతకులు ఆ యూరివారు కారు. ఊరివారే దీపములు పట్టుకొని సంతాపము తెలిపిరి. ఐదేండ్లు తిరుగకముందే, 2023 సెప్టెంబరు 8 రాత్రి, అల్‌హౌజ్ సీమలో పెనుభూకంపము వచ్చి 2,900 మందికి పైగా మరణించిరి. కొండలలోని మట్టిమిద్దెలు, రాతియిండ్లు కూలి ఎన్నియో ఊళ్లు పాడుపడినవి. ఆ యిండ్లలోని మనుష్యులే తిరిగి నిలిచి, కంచరగాడిదలను తోలి, మన మూటలు మోయించుచున్నారు. మంచు పడిన నెలలలో కంచరగాడిదలు పైదాక పోజాలవు. అప్పుడు మూటలు మనుష్యుల వీపులకెక్కును. ఇంత జరుగగా ఇంటికి వచ్చి “నేను జయించితిని” అనుట! జయించుటకు అచ్చట శత్రువెవ్వరు?

ఆ శిఖరమును మొట్టమొదట ఎక్కినవారు 1923 జూన్ 12న సెగోంజాక్ ప్రభువును, ఆయన తోడి ఫ్రెంచివారును అని పుస్తకములు చెప్పును. వ్రాతలో నిలిచిన మొదటి ఆరోహణమనినచో ఒప్పుకొందును. ఆ లోయ కాపరి తప్పిపోయిన మేకను వెదకుచు అంతకుముందు ఎన్నడును అక్కడికి పోలేదని ఎవరు ప్రమాణము చేయగలరు? కాగితము చేతనున్నవానిదే మొదటి అడుగగుచున్నది. మరియొక వింత. 1997లో వచ్చిన ‘కుందున్’ అను చలనచిత్రములో ఇమ్లిల్ పైనున్న ఒక పాతకోట టిబెట్టు బౌద్ధమఠముగా నటించినది. తన పేరిట తాను తెరమీదకు వచ్చు భాగ్యము ఆ కోటకును లేకపోయినది!

పేరు పోగొట్టుకొనుట ఎట్లుండునో తెలిసికొనుటకు మొరాకోదాక పోనక్కరలేదు, పావగడ కొండ చాలును. 19వ శతాబ్ది ఆరంభమున ల్యాంబ్‌టన్ దొర దక్షిణదేశమున భూమిని కొలుచుచు వచ్చినపుడు, ఆ కొలతగొలుసులోని ప్రధానస్థానములలో మన పావగడ యొకటి. ఆయన లెక్కలలో అది “పావుఘర్” అయినది. యంత్రములు పైకి మోసినదెవరు, దారి నరికినదెవరు, జెండాకొయ్య పట్టుకొని ఎండలో నిలిచినదెవరు? ఆయన తరువాత ఆ పనికి అధిపతియైన ఎవరెస్టు దొర పేరును, ఆయన చూడని హిమాలయశిఖరమునకు 1865లో స్థిరపరచిరి. టిబెట్టువారికి అది చోమోలుంగ్మా. తరువాత నేపాలీయులు సగరమాత యనిరి. ఆ నేలవారు తన పేరు పలుకజాలరని ఎవరెస్టు దొరయే అభ్యంతరము చెప్పెను. పేరు పెట్టినవారికంటె ఆయన మేలు.

ఆ శిఖరమునే 2014 మే 25న మన తెలుగునేల పిల్లలిద్దరు ఎక్కిరి. మాలావత్ పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. తోడు వచ్చినవాడు సాధనపల్లి ఆనందకుమారు. ఇరువురును సాంఘికసంక్షేమ గురుకులముల విద్యార్థులు, పేదయిండ్ల బిడ్డలు. పత్రికలన్నియు “తెలుగుబిడ్డ” అని పొగడినవి, న్యాయమే. కాని పూర్ణ పుట్టినది లంబాడీ యింట. ఆ కులపు పలుకు వేరు, దానికొక పాటల సంపద యున్నది. తెలుగువారము గర్వపడునపుడు ఆ భాష పేరు ఎందరము తలచితిమి? అదే యేడు ఏప్రిల్ 18న, నేపాలు వైపు దారిలో మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ కూలీలు, దారిచూపరులు మరణించిరి. వారిలో పెక్కురు షెర్పాలు. వారు ఇతరులకొరకు దారి సిద్ధపరచుచుండిరి.

మన జాతిలో ఈ విషయమున సరిగా నడచినవాడు లేకపోలేదు. గిడుగు వెంకటరామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండగా, చుట్టుకొండలలోని సవరలను చూచి, వారి మాట నేర్చుటకు పూనుకొనిరి. సవరలనే గురువులుగా పెట్టుకొనిరి. మన్యపు చలిజ్వరమునకు క్వినైను మ్రింగి మ్రింగి చెవులు పోగొట్టుకొనిరి. సవరభాషకు 1931లో వ్యాకరణమును, తరువాత నిఘంటువును ఇచ్చిరి. సవరపిల్లలకు వారి భాషలో పాఠములు వ్రాసిరి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినపుడు ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. తన భాషకై యిల్లు విడిచినవాడే పరుల భాషకై చెవులిచ్చెను. గ్రాంథికము మీద కత్తిగట్టిన ఆ మహనీయుని గ్రాంథికములో కొనియాడుచున్నందులకు ఆయన నవ్వుకొన్నను నవ్వుకొందురు గాక.

ఆయన మార్గమున మనము నడచుచున్నామా? పాడేరు దగ్గరి వంజంగి కొండమీదకు మేఘముల సముద్రము చూచుటకై తెల్లవారుజామున వందలకొలది బండ్లు పోవుచున్నవి. ఆ మన్యపుటూళ్లలో కువి మాటలాడు కుటుంబములు, కొండదొరలు, గదబలు ఉన్నారు. మనము పావగడలో తక్కువసంఖ్యవారము. అక్కడ మనమే ఎక్కువసంఖ్యవారము. ఇక్కడ మనము అడుగు మర్యాదను అక్కడ ఇచ్చుచున్నామా యనినచో, నాకు తెలిసినంతలో, లేదు. వంజంగి పోయినవాడు ప్లాస్టికు సీసా వదలి మేఘపు ఛాయాపటము తెచ్చుకొనుచున్నాడు. టూబ్‌కాల్ పోయినవాడు కనీసము బస సుంకము చెల్లించుచున్నాడు.

కావున ఈ యేడు పోదలచినవారికి నేను చెప్పునది యాత్ర మానుకొనుడని కాదు. ఆ ప్రభుత్వపు లైసెన్సు గల దారిచూపరిని కుదుర్చుకొనుడు. చవుకయని లైసెన్సు లేనివానిని పిలిచి వాని మెడకు చిక్కు తగిలింపకుడు. కూలి యెంత, అందులో కంచరగాడిదను తోలువానికి ముట్టునదెంత యని బయలుదేరకముందే అడుగుడు. అడిగినచో దళారి మొగము చిట్లించును, చిట్లించనిండు. బహుమానము పెద్దకు కాక, మూట మోసినవాని చేతికే ఇండు. సీది షమ్‌హరూష్ వద్ద పరమతస్థులు దాటగూడని వంతెన యున్నది. ఛాయాపటము కొరకు దానిని దాటకుడు. మన గర్భగుడి గడప మీద ఇంకొకడు చెప్పులతో నిలిచిన మనకెట్లుండును? అతని భాషలో పదిమాటలు కాగితముమీద వ్రాసికొని పోండు. తెలుగులిపిలో అవి చక్కగా ఇముడును.

తిరిగివచ్చి ఈ పత్రికకు వ్రాయదలచినచో మాత్రము, శిఖరమెత్తు వ్రాయనక్కరలేదు. అది పైననే అచ్చుపడినది. దారి చూపినవాని పేరు, అతని యూరు, భూకంపములో అతని యిల్లు నిలిచినదో కూలినదో, అతని పిల్లలు బడిలో ఏ లిపి దిద్దుచున్నారో వ్రాయుడు.