రాయి ముందు... కత్తి తర్వాత!

సినిమా పత్రికలో కూరగాయలు తరిగే కత్తుల గోలేమిటని మొహం చిట్లించకండి. ఈ గొడవ పుట్టిందే సినిమాలోంచి!

'కిల్ బిల్' మొదటి భాగం (2003) చూసినవాళ్లకి హట్టోరి హన్జో గుర్తుండే ఉంటాడు. ఒకినావాలో సుషీ కొట్టు నడుపుకునే పెద్దమనిషి. తీరా చూస్తే ఖడ్గాలు చేయడంలో మొనగాడు. సానీ చిబా వేసిన వేషం అది. ఆ తర్వాత 2011లో 'జిరో డ్రీమ్స్ ఆఫ్ సుషీ' అనే డాక్యుమెంటరీ వచ్చింది. ఫైట్లు లేవు, డ్యూయెట్లు లేవు. టోక్యోలో పది సీట్ల కొట్టు, ఓ ముసలాయన, ఆయన చేపని కోసే తీరు... అంతే సినిమా!

ఈ రెండూ చూసి అన్నవరంలో ఓ కుర్రాడికి జపాన్ కత్తి పిచ్చి పట్టుకుంది. నాకు బాగా తెలిసినవాడే. వాళ్ల నాన్న పెళ్లి వంటల మేస్త్రి. రత్నగిరి మీద ముహూర్తాలున్న రోజుల్లో ఆయనకి నిద్ర ఉండదు. కుర్రాడు హోటల్ కోర్సు పూర్తిచేశాడు. విశాఖలో ఓ పెద్ద హోటల్ వంటగదిలో ఉద్యోగం కూడా వచ్చింది. చేరడానికి రెండు నెలలు టైముంది. నాన్నతోపాటు పెళ్లిళ్లలో పనిచేసి కూడబెట్టిన ఇరవై వేలున్నాయి.

"అన్నయ్యా, మూడు కత్తులు చూసిపెట్టాను. ఏది కొనమంటావ్?" అని ఫోన్ చేశాడు.

ఇరవై వేలంటే ఆ ఇంట్లో మాటలు కాదు. నోటికొచ్చింది చెప్పేసి ఊరుకోలేక, ఓ ఆదివారం రైలెక్కి వెళ్లాను. పెరట్లో మేస్త్రి గారు కత్తిపీట ముందేసుకుని కంద తరుగుతున్నారు. కాలికింద పీట, రెండు చేతుల్లో కంద. మన దగ్గర కత్తి కదలదు, కూరే కదులుతుంది! జపాన్‌లో అంతా తిరగేసి. కూర కదలదు, కత్తి కదులుతుంది.

కుర్రాడు ఫోన్‌లో మొదటి బొమ్మ చూపించాడు. యానాగిబా. పొడుగ్గా, సన్నగా, అచ్చం ఖడ్గంలా ఉంది. పచ్చి చేపని పల్చగా కోయడానికి పుట్టిన కత్తి. పదును ఒక పక్కనే ఉంటుంది. అందుకే కుడిచేతి వాళ్లకి వేరు, ఎడమచేతి వాళ్లకి వేరు చేస్తారు. మావాడు ఎడమచేతివాటం. ఆ సంగతే చూసుకోలేదు! పైగా మన గోదావరి పులసని ముక్కలు కోసి పులుసు పెడతాం గానీ, పచ్చిగా రేకులు తీసి తినం కదా. ఒక్క సీనులో మెరిసి వెళ్లిపోయే గెస్టు పాత్ర అది. జీతానికి పనికొచ్చే పాత్ర కాదు.

రెండోది గ్యూటో. పేరుకి అర్థం గొడ్డు కత్తి. వ్రతాల ఊళ్లో ఆ అర్థం ఎవరికీ చెప్పకురా అన్నాను! పేరు ఎలా ఉన్నా పని మాత్రం అన్నిటికీ వస్తుంది. ఉల్లిపాయ నుంచి మాంసం దాకా. 210 మిల్లీమీటర్ల పొడుగుది చేతికి బాగా అమరుతుంది. వాడు ఎంచింది మాత్రం ఒంటినిండా నీటి అలల్లాంటి గీతలున్న డమాస్కస్ రకం. ఆ అలలకే సగం మనసు పారేసుకున్నాడు. ఇక్కడో రహస్యం చెప్పాలి. ఈ కాలపు వంటకత్తుల్లో ఆ అలలు చాలావరకు పైపొరల సోకు. కోసేది మధ్యలో ఉన్న గట్టి ఉక్కు. అలలు మేకప్పు, ఆ ఉక్కు నటన. మేకప్పు చూసి సినిమాకి వెళ్లి మనం ఎన్నిసార్లు బుక్కయ్యామో మీకు నేను చెప్పాలా?

మూడోది నాకిరి. మట్టసంగా, పలకలా ఉంటుంది. 165 మిల్లీమీటర్లు. కూరగాయలకే పుట్టింది. ఉక్కు పేరు అఓగామి, అంటే నీలికాగితం. దీని అన్నగారు షిరోగామి, అంటే తెల్లకాగితం. ఉక్కుకి ఆ రంగులేమీ ఉండవు. తయారీదారు చుట్టే కాగితాన్నిబట్టి వచ్చిన పేర్లు! రెండూ భలే పదునెక్కుతాయి. కాకపోతే తడి తగిలితే తుప్పు, పులుపు తగిలితే నలుపు. మామిడికాయ కోసి తుడవకుండా వదిలేసిన కత్తిపీట ఏమవుతుందో మీ అమ్మగారిని అడగండి. అచ్చం అదే కథ.

ఇవి కాక సాంతోకు అని ఇంకోటుంది. మాంసం, చేప, కూర మూడూ కోస్తుందని ఆ పేరు. 'దానవీరశూరకర్ణ' (1977)లో రామారావు గారి మూడు పాత్రల్లాగన్నమాట! ఇంట్లో వంటకి అదొక్కటి చాలు.

ఇంతకీ ఈ కత్తులకి అంత పేరెందుకంటారా? ఒసాకా దగ్గర సకాయ్ అనే ఊళ్లో 16వ శతాబ్దంలోనే పొగాకు కోసే కత్తులు చేసేవారు. 1876లో మెయిజీ ప్రభుత్వం జనం ఖడ్గాలు కట్టుకుని తిరగకూడదని ఆజ్ఞ వేసింది. దాంతో ఖడ్గాలు చేసే కమ్మరులు చాలామంది వంటకత్తుల వైపు మళ్లారు. అంటే హన్జో కథ సినిమావాళ్ల కల్పనే అయినా, గాలిలోంచి పుట్టింది కాదు!

గట్టిదనంలోనూ తేడా ఉంది. రాక్‌వెల్ కొలతలో మామూలు జర్మనీ కత్తి 56-58 దగ్గర ఉంటే, మంచి జపాన్ కత్తి 60 దాటుతుంది. అందుకే పల్చటి అంచు చాలాకాలం నిలుస్తుంది. కానీ గట్టిదనంతోపాటు పెళుసుదనమూ వస్తుంది. ఎముక మీద, కొబ్బరిచిప్ప మీద, ఆవకాయ టెంక మీద వేశారా... అంచు పెచ్చు లేస్తుంది! పనసపొట్టు కొట్టడానికీ పనికిరాదు. దానికి నూనె రాసిన మన బరువు కత్తే దిక్కు.

ఇదంతా మేస్త్రి గారు తల ఎత్తకుండా విన్నారు. కంద అయిపోయాక చేతులు కడుక్కుని ఒక్క మాట అన్నారు.

"ఆయ్, బానే ఉన్నాయండి. మరి వీటికి సాన ఎవరు పడతారండి?"

కుర్రాడు గుటకలు మింగాడు. సైకిలు మీద చక్రం తిప్పుకుంటూ వచ్చే సానవాడున్నాడు కదా అన్నాడు.

"ఆ చక్రం కింద నిప్పులు రాలతాయిరా. ఇనుము వేడెక్కితే పస పోద్ది. నా కత్తే ఇవ్వను, ఇరవై వేల కత్తి ఇస్తావా?" అన్నారాయన.

నేను చదివిన పుస్తకాల్లో ఉన్నదీ అదే. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు!

అప్పుడు చెప్పాను. "ఒరేయ్ తమ్ముడూ, ముందు రాయి కొను. 1000 నంబరు నీటి సానరాయి. రెండు నెలలూ మీ నాన్న కత్తిమీద చెయ్యి తిప్పు. వెన్ను కింద చిటికెన వేలు దూరేంత సందుంచి, ఆ వాలు మారకుండా రుద్దు. అవతలి అంచున వేలికి సన్నటి గరుకు తగిలితే రెండో వైపు తిప్పు. కాగితం చిరగకుండా కోసిన రోజున గ్యూటో కొను. అలలు లేనిది, వీజీ-10 లాంటి తుప్పు సులువుగా పట్టని ఉక్కుది. హోటల్లో టమాటాలు కోస్తూ నిమిషానికోసారి తుడుస్తూ కూర్చుంటే మీ పెద్ద వంటవాడు ఊరుకోడు. మిగిలిన డబ్బు నాన్న చేతికియ్యి."

వాడి మొహం వాడిపోయిన మాట నిజం. "అలలు లేకపోతే చూడ్డానికి ఏముందన్నయ్యా?" అన్నాడు. మేస్త్రి గారు మాట్లాడలేదు. లోపలికెళ్లి, పాతికేళ్లుగా అరిగి అరిగి సగమైన తన కత్తి తెచ్చి వాడి చేతిలో పెట్టారు. పనసపొట్టు కొట్టి ఆ ఇంటిని నిలబెట్టిన కత్తి అది. ఒక్క పెచ్చు లేదు. వాడు దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. అలల ఊసు మళ్లీ ఎత్తలేదు.

కుర్రకారుకి నేను చెప్పేది ఒక్కటే. కెమెరా అయినా, గిటారైనా, జపాన్ కత్తయినా సూత్రం అదే. కొనేముందు దాన్ని రోజూ సానబెట్టే ఓపిక మనకుందా అని చూసుకోవాలి. ఓపిక ఉందా, మామూలు కత్తీ మెరుస్తుంది. లేదా, లక్ష పోసినా అది అట్టకత్తే!