లాగ్‌లో పాస్‌వర్డ్ పడితే..?

2018 మేలో ట్విటర్ తన 33 కోట్ల మంది యూజర్లనూ పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. హ్యాకింగ్ జరిగిన ఆనవాళ్లు లేవు. హ్యాషింగ్ పూర్తికాకముందే పాస్‌వర్డ్‌లు అంతర్గత లాగ్‌లో పడ్డాయి, అంతే! మన దగ్గరా 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం, భద్రతా జాగ్రత్తలు తీసుకోని సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా పడొచ్చు.

అందుకే టీమ్‌కో తీరుగా లాగ్‌లు రాసే బదులు కంపెనీకంతటికీ ఒకే లాగింగ్ ప్యాకేజీ ఉండాలి. పాస్‌వర్డ్, ఓటీపీ, ఆధార్ నంబర్లను దాచే పని అందులోనే జరిగిపోవాలి.

మీరు ఫ్రెషరా? ఇలాంటిదొకటి చేసి చూడండి. టెస్టులు రాయండి, వెర్షన్ నంబరు ఇవ్వండి, ప్రైవేట్ రిజిస్ట్రీలో పబ్లిష్ చేయండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మరో టు-డూ యాప్ కన్నా ఇదే నయం.