చెట్లు లెక్కిస్తే చాలదు, రకాలూ లెక్కించాలి

జ్యోతినగర్ చుట్టుపక్కల ఊళ్ల రైతులకు కొలతలు కొత్త కాదు. విద్యుత్ కేంద్రం కోసమో, ఓపెన్‌కాస్టు గని కోసమో, బూడిద చెరువు కోసమో భూమి తీసుకునేటప్పుడు ఎకరాలు, గుంటలు కొలుస్తారు. బావులు, బోర్లు రాసుకుంటారు. చెట్లు లెక్కపెడతారు. కానీ గట్టు మీద ఎన్ని రకాల గడ్డి మొలుస్తుంది, చెలకలో ఏయే కూరాకు దొరుకుతుంది, ఒర్రెలో ఏ చేపలు ఎక్కివస్తాయి అన్నది ఆ కాగితాల్లో ఉండదు. లెక్కకు రానిది నష్టం కిందికి రాదు. నష్టం కిందికి రానిదాన్ని తిరిగి తెచ్చే బాధ్యత ఎవరి మీదా పడదు. జీవవైవిధ్యం కొలత రైతుకు సంబంధించిన విషయం కావడానికి కారణం ఇదే.

వైవిధ్యాన్ని కొలవడం అంటే తలలు లెక్కపెట్టడం కాదు. రెండు చెలకలు తీసుకుందాం. రెండింటిలోనూ నూరేసి మొక్కలున్నాయి, రెండింటిలోనూ అయిదు రకాలే. మొదటి దాంట్లో ఒక్కో రకం 20 చొప్పున ఉన్నాయి. రెండో దాంట్లో ఒకే రకం 96 ఉండి, మిగతా నాలుగు ఒక్కొక్కటే ఉన్నాయి. కాగితం మీద రెండూ సమానమే. కానీ కళ్లు మూసుకుని రెండు మొక్కలు పట్టుకుంటే అవి వేర్వేరు రకాలై ఉండే అవకాశం మొదటి చెలకలో నూటికి 80, రెండో దాంట్లో నూటికి 8 మాత్రమే. బ్రిటన్ గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సింప్సన్ 1949లో ఇచ్చిన కొలమానం ఇదే. ఎన్ని రకాలున్నాయన్నది ఒక సంగతి, అవి ఏ పాళ్లలో ఉన్నాయన్నది ఇంకో సంగతి. రెండూ కలిస్తేనే వైవిధ్యం.

ఈ కొలమానంతో చూస్తే మట్టికుప్పల మీద వేలాది మొక్కలు నాటామని చెప్పే లెక్క ఎంత అసంపూర్ణమో తెలుస్తుంది. వరుసల్లో ఒకటి రెండు జాతులే నాటితే నూటికి తొంభై బతికినా అది తోటే అవుతుంది, పోయిన అడవి కాదు. ఇప్ప, తునికి, మోదుగు, వాటి కింది గడ్డి, వాటి మీద ఆధారపడ్డ పిట్టలు, పురుగులు తిరిగి వచ్చాయా అన్నదే అసలు ప్రశ్న.

ఇదే కొలమానం మన పొలాలకూ వర్తిస్తుంది. మడి తర్వాత మడి వరే అయినచోట దోమపోటుకు ఒకే తిండి కంటికి ఆనినంత మేర దొరుకుతుంది. దాన్ని తినే సాలీళ్లు, మిత్రపురుగులు గట్ల మీది మొక్కల్లోనూ తలదాచుకుంటాయి. గట్టు మాడ్చి, అవసరం లేకున్నా మందు కొడితే ముందు పోయేది అవే, తర్వాత దోమ మళ్లీ విజృంభిస్తుంది. గట్టు మీది వైవిధ్యం తగ్గితే మందుల ఖర్చు పెరుగుతుంది. ఇందులో మన తప్పు కూడా ఉందని ఒప్పుకోవాలి.

చట్టం మనకొక దారి ఇచ్చింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి ప్రజలతో మాట్లాడి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. ఈ పని సాగకపోవడంతో 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 వరకు గడువు పెట్టి, ఆ తర్వాత నెలకు 10 లక్షల రూపాయల చొప్పున రాష్ట్రాలు కట్టాల్సి ఉంటుందని హెచ్చరించింది. అయితే గడువుకు భయపడి రాసే రిజిస్టరుకూ, ఊరిని అడిగి రాసే రిజిస్టరుకూ చాలా తేడా ఉంటుంది. మీ ఊరి రిజిస్టరు తెరిచి చూడండి. కలుపు తీసే ఆడవాళ్లకు తెలిసిన పేర్లు అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

గనుల విషయంలో ఇంకో లోపం ఉంది. పర్యావరణ ప్రభావ అధ్యయనానికి సాధారణంగా వానాకాలం కాని ఒక్క సీజన్ సమాచారం సేకరిస్తే చాలంటారు. దుమ్ము కొలవడానికి అది సరిపోవచ్చు. కానీ మన నేల మీద పచ్చిక, కప్పలు, సీతాకోకచిలుకలు, ఒర్రె చేపలు బయటపడేది వానల్లోనే. బతుకమ్మకు తెచ్చే గునుగు పువ్వు ఎండాకాలంలో వచ్చి చూసినవారికి కనబడదు. కనబడలేదు కాబట్టి లేదని రాసుకుపోతే ఎలా?

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. కొత్త గనికైనా, విస్తరణకైనా జరిపే అధ్యయనంలో వానాకాలపు లెక్క తప్పనిసరి చేయాలి. తవ్వి పూడ్చిన నేలను నాటిన మొక్కల సంఖ్యతో కాక, తవ్వకముందు ఉన్న రకాలతో, వాటి పాళ్లతో పోల్చి చూడాలి. ఆ ఫలితాన్ని ఏటా గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి.

డిమాండు చేస్తూ కూర్చుంటే చాలదు, లెక్క మన చేతిలోనూ ఉండాలి. ప్రతి గ్రామ శాఖ ఈ వానాకాలం ఒక పని పెట్టుకోవాలి. నాలుగు పుల్లలు, సుతిలి తాడుతో మీటరు పొడవు, మీటరు వెడల్పు చతురస్రం వేయండి. పచ్చగా ఉన్నచోటు ఏరుకోకుండా చెలక, గట్టు, బంచరాయి అన్నిచోట్లా వేయండి. లోపల ఉన్న ప్రతి రకం పేరు, మొక్కల సంఖ్య రాయండి. కొత్త పేరు రావడం ఆగేదాకా చతురస్రాలు పెంచండి. చలికాలం, ఎండాకాలం అవే చోట్ల మళ్లీ లెక్కించండి. పేర్లు చెప్పడానికి పెద్దమనుషులు, కూలి తల్లులు ఉన్నారు, రాయడానికి బడిపిల్లలు ఉన్నారు.

ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 2006 నోటిఫికేషన్ చెబుతోంది. కానీ మూడు కాలాల లెక్క 30 రోజుల్లో తయారు కాదు. నోటీసు వచ్చాక పరుగెత్తడం కంటే, అది వచ్చేనాటికి మన రిజిస్టరు మన చేతిలో ఉండటం మేలు. ఈ వానలకే మొదలుపెడదాం.